మిడతలు వాలిన పట్టాలు

పొంతావెర్ద ఊళ్లో ట్రాము ముప్పై ఒక్క ఏళ్లు నడిచింది. అందులో ఆఖరి ఆరేళ్లు దాని మీద కండక్టరుని నేనే. ఈ మాట ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. రేవు దగ్గర సుంకం కచేరీ నుంచి ఆస్పత్రి గుట్ట దాకా వాళ్లకి తారురోడ్డు తప్ప ఏమీ కనిపించదు. ఒకప్పుడు ఆ రోడ్డు నడిమధ్యన రెండు ఇనప పట్టాలుండేవి, పైన కరెంటు తీగ ఉండేది.

రేవు పెద్దదవుతుందని, ఓడలన్నీ ఇక్కడికే వస్తాయని పోర్చుగీసు దొరలు కలలు కన్న రోజుల్లో వేసిన లైను అది. ఓడలు రాలేదు. దక్షిణాన లోతైన రేవు దొరికితే అక్కడికి పోయాయి. మాకు ట్రాము మిగిలింది. మొదట్లో ఏడు బళ్లు తిరిగేవట. నేను చేరేనాటికి నాలుగే తిరిగేవి. తక్కిన మూడూ షెడ్డులో నిలబడి, దీని బోల్టూ దాని స్ప్రింగూ ఊడదీసి తిరిగే బళ్లకి పెట్టుకోవడానికి పనికొచ్చేవి. నాలుగో నంబరు బండిని మావాళ్లు 'మేక' అనేవారు. గుట్ట ఎక్కేటప్పుడు దాని మోటారు అచ్చం మేకలాగే అరిచేది మరి. ముందు వరసలు దొరలకి. నడుమ బల్లలు గోవావాళ్లకి, గుజరాతీ కొట్టువాళ్లకి. చిట్టచివరి బల్ల ఒక్కటే మాకు, నల్లవాళ్లకి. బస్సులొచ్చాక దొరలు ట్రామెక్కడం మానేశారు. అయినా ముందు వరసలు ఖాళీగా ఊగుతూ పోయేవే తప్ప మావాళ్లు వాటిలో కూర్చోడానికి లేదు. వెనక బల్ల మీదే ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునేవారు.

బండి ఎప్పుడూ ఒకే ముఖంతో నడిచేది. పైన ఆస్పత్రి ముందూ, కింద రేవు దగ్గరా పట్టాలు గుండ్రంగా తిరిగేవి కాబట్టి వెనక్కి నడపాల్సిన పని లేదు. ముందు డ్రైవరు, వెనక నేను. నా దగ్గర గంట తాడూ, టిక్కెట్ల సంచీ కాక ఇంకో రెండు వస్తువులుండేవి. ఒకటి చేత్తో తిప్పే బ్రేకు. రెండోది ఇసుక పెట్టె. పట్టాలు తడిస్తే చక్రం జారుతుంది. అప్పుడు కాలితో మీట నొక్కితే పెట్టెలోంచి గొట్టం ద్వారా పొడి ఇసుక చక్రం దారిలో పడుతుంది, చక్రానికి పట్టు దొరుకుతుంది. ఆ ఇసుకని రోజూ పొద్దున్నే షెడ్డులో పొయ్యి మీద వేయించి నింపాలి. ముందు పెట్టె డ్రైవరు పని, వెనక పెట్టె నా పని. ఆరేళ్లలో వెనక పెట్టె అవసరం ఒక్కసారైనా రాలేదు. బండి వెనక్కి జారితేనే కదా దానితో పని! అందుకని ఆ ఆఖరి ఏడు వానాకాలమంతా నేను దాని మూత కూడా తీయలేదు.

ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే నా భయం మీకు అర్థం కాదు. పని ఉన్నవాడి దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండేది. అందులో యజమాని ముద్ర పడాలి. ముద్ర లేనివాణ్ణి పోలీసులు పట్టుకుపోయి ఆరు నెలలు వెట్టికి తోలేవారు. చెరుకు తోటలకో, రోడ్లకో. మా అన్న అలాగే వెళ్లాడు. ఎముకల గూడై తిరిగొచ్చి, నెల తిరక్కుండా రక్తం కక్కుకుని పోయాడు. అతని దగ్గు చివరి రాత్రి ఎలా ఆగిందో విన్నది నేనే. ఆ రోజు నుంచి నా జేబులో పుస్తకం ఉందో లేదో గంటకోసారి తడుముకునేవాణ్ణి. ఎలియాస్ మబుందా అని నా పేరూ, దాని కింద ఎర్ర ముద్రా. నా ప్రాణం అందులో ఉండేది.

ఇక ఆ గురువారం.

పైన లోపలి ఊళ్లలో మిడతల దండు దిగిందని వారం రోజులుగా వింటున్నాం. జొన్న, మొక్కజొన్న, ఆఖరికి ఇళ్ల కప్పుల మీది గడ్డి కూడా మిగల్చలేదని చెప్పుకున్నారు. సముద్రం దాకా రావులే అనుకున్నాం. మధ్యాహ్నం రెండింటికి మేక గుట్ట కింద సంత దగ్గర ఆగేసరికి పడమట ఆకాశం తుప్పు రంగులోకి మారింది. మబ్బేమో అనుకున్నాను. మబ్బుకి చప్పుడుండదు. దీనికి ఉంది. దూరంగా ఎవరో ఎండిన తాటాకులు చింపుతున్నట్టు.

డ్రైవరు జకరియాస్ న్యాకా తల బయటికి పెట్టి చూశాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, మిషను చర్చిలో పాటలు పాడేవాడు, గొంతు పెద్దది, మాట చిన్నది. పద్దెనిమిదేళ్లుగా ఆ గుట్ట ఎక్కిస్తున్నాడు.

"ఒరే ఎలియాస్, ఇక్కడే ఆగుదాం. దండు దాటిపోయేదాకా కదలొద్దు" అన్నాడు.

అప్పటికే మొదటి మిడతలు పడుతున్నాయి. నా టోపీ మీద ఒకటి, భుజం మీద రెండు. వేలెడంత పొడవు, ఎర్రటి తొడలు. విదిలిస్తే పోకుండా చొక్కాని కరుచుకున్నాయి.

అదిగో, అప్పుడే ఫెలిజార్దా వచ్చింది. సంతలో ఆవిడ నోటికి జడవని చేపలమ్మి లేదు. ఒక చేత్తో నెత్తి మీద ఎనామిల్ బేసిను, ఇంకో చేత్తో కోడలు రెజినాని నడుం పట్టి ఈడ్చుకొస్తోంది. ఆ పిల్లకి నెలలు నిండాయి. ముఖం బూడిద రంగులో ఉంది. పెదవి కొరుక్కుని రక్తం వచ్చింది.

"ఏం నిలబడ్డారు దిష్టిబొమ్మల్లా? ఎక్కించండి!" అంది ఫెలిజార్దా.

"బండి కదలదు అక్కా. చూశావుగా ఆకాశం" అన్నాడు జకరియాస్.

"ఆకాశం నువ్వు చూసుకో తమ్ముడూ, నేను దీన్ని చూస్తున్నాను. నిన్న పొద్దుటి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంది మంత్రసాని. పైన డాక్టరు దగ్గరికి చేరకపోతే ఇద్దరూ దక్కరు. నడిపించుకుపొమ్మంటావా ఈ గుట్ట?"

జకరియాస్ పట్టాల వంక చూశాడు. పిల్ల వంక చూశాడు. పెదవులు కదిలాయి, ప్రార్థన కాబోలు.

"వెనక ఇసుక బాగుందా?" అని నన్ను అడిగాడు.

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. లేదు, చూడలేదు అనొచ్చు. అంటే పొద్దున పని ఎందుకు చేయలేదంటాడు. ఆ మాట ఇన్‌స్పెక్టరు చెవిన పడితే పుస్తకంలో ముద్ర పోతుంది. అంతే, అంతకు మించి ఆలోచించలేదు.

"బాగుంది అన్నా" అన్నాను. ఆయన సరేనన్నాడు. రెండుసార్లు గంట కొట్టాను.

బండిలో ఎనిమిది మందిమి. నడుమ బల్ల మీద ఒక గోవా గుమాస్తా. వెనక బల్ల మీద రెజినాని పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుంది ఫెలిజార్దా. పక్కన నిలబడి ముగ్గురు రేవు కూలీలు. మేక అరుచుకుంటూ ఎక్కడం మొదలుపెట్టింది. ఆరువందల అడుగుల ఎక్కుడు. రెండువందలు దాటేసరికి పగలు పోయింది. చీకటి కాదది, మురికి నీళ్లలో మునిగి కళ్లు తెరిచినట్టు. కిటికీలు లేని బండి కదా, అన్ని పక్కల నుంచీ వచ్చి పడ్డాయి. ముఖాన కొట్టుకుంటున్నాయి, మెడ వెనక నుంచి చొక్కాలోకి దూరుతున్నాయి. రెజినా నోరు తెరిచి అరుస్తుంటే నోట్లో పడకుండా ఫెలిజార్దా కొంగు కప్పింది. చక్రాల కింద పటపటా చితుకుతున్న చప్పుడు, దాంతోపాటు ఒక వాసన. పచ్చి గడ్డీ, మురిగిన నూనే కలిపి వేయించినట్టు.

నాలుగువందల అడుగులు ఎక్కి ఉంటాం. మేక గొంతు మారింది. సన్నగా, కీచుగా. చక్రాలు తిరుగుతున్నాయి, బండి ముందుకు కదలడం లేదు. పట్టాల మీద చితికిన మిడతల కొవ్వు సబ్బునురగలా పొంగుతోంది.

బండి నిలబడింది. ఊపిరి బిగబట్టిన మనిషిలా ఒక్క నిమిషం అలా ఉండిపోయింది. ఎదురుగా ఒక ఇంటి పచ్చ గేటు నా కళ్లకి సూటిగా ఉంది. ఆ గేటు మెల్లిగా, చాలా మెల్లిగా పైకి పోవడం మొదలుపెట్టింది.

గేటు కాదు. మేమే కిందికి పోతున్నాం.

వెనక్కి కదలగానే బండి పైన కరెంటు అందుకునే కడ్డీ తీగని వదిలేసి గాలిలో కొట్టుకుంది. కరెంటు పోయింది. ఇక చేతి బ్రేకులే దిక్కు. జకరియాస్ ముందు బ్రేకు బిగించాడు. చక్రాలు ఆగిపోయాయి, బండి ఆగలేదు. ఆగిన చక్రాలతోనే నూనె రాసిన పళ్లెంలా జారుతోంది. గుట్ట కింద పట్టాలు ఎడమకి తిరుగుతాయి. తిరిగే చోట సంత. అక్కడ మిడతలకి భయపడి జనం గుడారాల కింద గుంపులుగా దాక్కున్నారు. వాళ్ల వెనక సముద్రం గోడ.

"ఎలియాస్! ఇసుక! వెనక ఇసుక నొక్కు!"

నొక్కాను. ఏమీ రాలేదు. రెండు కాళ్లూ ఎత్తి దూకి నొక్కాను. మీట దిగింది, గొట్టం కక్కలేదు. నాకు తెలుసు రాదని. మూడు నెలల వాన తేమ తాగి అది రాయిలా గడ్డకట్టి ఉంటుంది. నా పాపం నా కాలి కిందే పండింది.

గోవా గుమాస్తా లేచి శిలువ గీసుకుని దూకేశాడు. మిడతల్లో దొర్లుతూ కనిపించి, మాయమయ్యాడు. అది చూసి నా కాలు కూడా మెట్టు మీదికి వెళ్లింది. నిజం చెప్పాలి. నేను బండి గురించీ ఆలోచించలేదు, కడుపుతో ఉన్న పిల్ల గురించీ ఆలోచించలేదు. కింద నేల ఎంత దూరం ఉందా అని చూశాను. అంతే.

బెల్టు పట్టుకుని ఎవరో వెనక్కి గుంజారు.

"ఎక్కడికిరా?" అంది ఫెలిజార్దా.

"ఇసుక రావట్లేదు!"

"పెట్టెలో ఉందా, లేదా?"

"ఉంది. గడ్డకట్టింది. నేను... నేను మార్చలేదు."

ఆవిడ నా ముఖంలోకి ఒక్కసారి చూసింది. ఆ చూపులో తిట్టు లేదు, జాలీ లేదు. బేరం తెగని చేపని చూసినట్టు చూసింది.

"గొట్టంలోంచి రాకపోతే చేత్తో తియ్యరా దద్దమ్మా! చేతులు లేవూ?"

మూత పీకాను. టిక్కెట్లు కత్తిరించే ఇనప పటకారుతో గడ్డని పొడిచాను. ముక్కలుగా విరిగింది. ఆవిడ బేసినులో ఉన్న బిడ్డ గుడ్డలూ రొట్టే అన్నీ బయటికి విసిరేసి, బేసినుతో ఇసుక తోడింది. నా టోపీతో నేను తోడాను. కుడి మెట్టు మీద ఆవిడ, ఎడమ మెట్టు మీద నేను. ఒక చేత్తో కంబీ పట్టుకుని, ఒళ్లంతా బయటికి వంచి, జారిపోతున్న పట్టా మీద గుప్పిళ్లతో చల్లాం. చక్రం నా చెవికి జానెడు దూరంలో ఉంది. చెయ్యి జారితే తల దాని కిందికే. కంబీ నిండా మిడతలు. వేళ్ల కింద చితికి జారుతున్నాయి. 'అమ్మా, అమ్మా' అని నా నోట్లోంచే వస్తోందని చాలాసేపటికి తెలిసింది.

"బిగించి ఉంచకు జకరియాస్! వదిలి పట్టు!" అని అరిచాను. ఆగిన చక్రానికి ఇసుక పట్టదు, తిరిగే చక్రానికే పడుతుందని నేర్పింది ఆయనే. పైనుంచి "తెలుసురా!" అన్నాడు. ఆయన బ్రేకు వదులు చేశాడు. బండి ఒక్కసారి ఉరికింది. మళ్లీ పట్టాడు. ఈసారి కింద కరకరమని చప్పుడైంది. రాయి నమిలినట్టు. ఆ చప్పుడంత తియ్యటి చప్పుడు నేను పుట్టి వినలేదు.

వదిలాడు, పట్టాడు. వదిలాడు, పట్టాడు. మూడోసారి పట్టినప్పుడు ఆ ముందు కొస నుంచి ఎండుకొమ్మ విరిగినట్టు ఠప్పుమంది. వెంటనే జకరియాస్ కేక. బ్రేకు పళ్లు జారి, పిడి గిర్రున వెనక్కి తిరిగి ఆయన ముంజేతిని కొట్టింది. అప్పటికే బండి నెమ్మదించింది. నేను మెట్టు మీంచి లేచి వెనక బ్రేకు పిడిని రెండు చేతులా పట్టుకుని, దాని మీద పడుకుని తిప్పాను. కూలీలు కూడా వచ్చి నా మీద పడ్డారు.

మలుపుకి పదిహేను అడుగుల ఇవతల మేక ఆగింది.

మిడతలు మాత్రం కొరుకుతూనే ఉన్నాయి. రోడ్డు పక్క చెట్ల ఆకులు తింటున్న చప్పుడు వినిపిస్తోంది. పంట్లాం తడిసిందని అప్పుడే తెలిసింది. అంతలో రెజినా అరిచింది.

"వింటున్నారా? దానికింకా పని కాలేదు. ఏమైనా ఎత్తండి" అంది ఫెలిజార్దా.

వెనక బల్లని ఊడబెరికాం. నలుగురం రెజినాని దాని మీద మోసుకుంటూ అదే గుట్ట కాలినడకన ఎక్కాం. అడుగడుక్కీ మిడతలు చెప్పు కింద జారుతున్నాయి. జకరియాస్ విరిగిన చేతిని రొమ్ముకి అదుముకుని ముందు నడుస్తూ, కాలితో మిడతల్ని దారిలోంచి ఊడుస్తూ పోయాడు. సాయంత్రం అయిదింటికి డాక్టరు కడుపు కోసి బిడ్డని తీశాడు. ఆడపిల్ల. తల్లికి పన్నెండు రోజులు జ్వరం కాసింది గానీ దక్కింది.

అక్కడితో నా భయం తీరలేదు. అప్పుడే మొదలైంది.

మర్నాడు జకరియాస్‌ని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాను. చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఇక నిటారుగా రాదన్నారు. తలుపు దగ్గర నిలబడిపోయాను.

"లోపలికి రా. మిడతవా, ఎగిరిపోడానికి?" అన్నాడు.

"అన్నా, ఇసుక..."

"తెలుసు. మీట చప్పుడు నాకు వినపడదా? పొడి ఇసుక జారితే ఒకలా ఉంటుంది, జారకపోతే ఒకలా ఉంటుంది."

"నేను చెప్పేస్తాను అన్నా."

"ఏం చెబుతావు? నా చెయ్యి పోయింది. నడపడం ఎలాగూ అయిపోయింది. నీ పుస్తకం కూడా పోతే ఎవరికి లాభం? నోరు మూసుకుని కూర్చో. పెట్టె ఖాళీ. సాక్ష్యం అంతా గుట్ట మీద చల్లేశారు కదా."

నవ్వాడు. నేనూ నవ్వబోయాను. రాలేదు. ఆ మాట నాకు ఎంత ఊరట ఇచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సోమవారం కంపెనీ మేడ మీద విచారణ. ఇన్‌స్పెక్టరు క్వెయిరోస్ దొర బల్ల వెనక కూర్చున్నాడు. నన్ను రెండే అడిగాడు. గంట ఎవరు కొట్టమన్నారు? ఇసుక నొక్కావా? డ్రైవరు సరేనన్నాడు దొరా, నొక్కాను దొరా అన్నాను. రెండూ నిజాలే. తర్వాత ఫెలిజార్దాని పిలిచారు. ఆ గదిలో నేను కాక ఆ ఇసుకని చేతులతో ముట్టిన మనిషి ఆవిడ ఒక్కతే.

"ఇసుక ఎలా ఉంది?" అన్నాడు దొర.

ఆవిడ నా వంక చూసింది. నేను నేల వంక చూశాను.

"ఇసుకలా ఉంది దొరా. ఇసుక ఇంకెలా ఉంటుంది? నేను చేపలమ్ముకునేదాన్ని, రొయ్య ఎలా ఉందో అడిగితే చెబుతాను."

గుమాస్తాలు నవ్వారు. దొర రాసుకున్నాడు. మిడతలు కనిపిస్తున్నా బండి ఎక్కించడం డ్రైవరు తప్పు. పనిలోంచి తీసేశారు. పుస్తకం తిరిగి ఇచ్చేయమన్నారు. జకరియాస్ కట్టు కట్టిన చెయ్యి కదపకుండా, ఎడమ చేత్తో జేబులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. నలభై ఎనిమిదేళ్లవాడు, ఒంటి చెయ్యివాడు. వెట్టి పోలీసులు చేతులు లెక్కపెట్టరు, తలలు లెక్కపెడతారు. మా అన్న దగ్గు నా చెవుల్లో వినిపించింది.

మెట్లు దిగాక ఫెలిజార్దా నా కోసమే నిలబడి ఉంది.

"నేను ఎందుకు అబద్ధమాడానో తెలుసా?"

"నన్ను కాపాడ్డానికి..."

"నిన్నా? నీ ముఖానికా? నా కోడల్నీ మనవరాల్నీ మోశావు కాబట్టి నా నోటితో నీ పీక కోయలేను. అది నీ నోటి పని. నీ నోరేమైంది? అది కూడా మిడతలు తినేశాయా?"

బేసిను నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మెట్లు పదహారు. దిగడం తేలిక. మళ్లీ ఎక్కడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మూడో మెట్టు దగ్గర తల తిరిగి కూర్చున్నాను. ఏడో మెట్టు దగ్గర వెనక్కి తిరిగాను. బండి మెట్టు మీద వేలాడినప్పటి భయం ఒళ్లు భయం, చెయ్యి కంబీని పట్టుకుంటే సగం తగ్గుతుంది. దీనికి పట్టుకోడానికి ఏమీ లేదు. ఎలాగో దొర గదిలోకి వెళ్లి బల్ల ముందు నిలబడ్డాను.

"ఏమిటి?"

"ఇసుక గడ్డకట్టింది దొరా. వానాకాలమంతా మార్చలేదు. డ్రైవరు బయల్దేరే ముందు అడిగాడు. బాగుందని నేను అబద్ధం చెప్పాను. బాగాలేదని తెలిస్తే ఆయన కదిలేవాడు కాదు."

క్వెయిరోస్ దొర కలం కింద పెట్టి నన్ను చూశాడు. కోపం లేదు. విసుగు.

"వెర్రివాడా. ఈ నెలాఖరుకి లైను మూసేస్తున్నారు. కాగితం ఎప్పుడో వచ్చింది. మిడతలు రాకపోయినా మూసేవాళ్లే, బస్సులున్నాయి కదా. ఎవడి తప్పని రాస్తే ఏం?"

"నా పేరు రాయండి దొరా."

రాశాడు. జకరియాస్ పేరు కొట్టేసి, పైన నాది రాశాడు. నా పుస్తకం లాక్కున్నాడు. జకరియాస్‌ని షెడ్డుకి కాపలాదారుగా ఉంచారు. తర్వాత బస్సుల గ్యారేజీలో అదే పని చేశాడు, పోయేదాకా. నన్ను కలిసినప్పుడల్లా "నోరు మూసుకోమన్నాను కదరా" అనేవాడు.

పదకొండు రోజులు దాక్కున్నాను. ఉప్పు మడుల అవతల మా పిన్ని గుడిసెలో, ఎండుచేపల బుట్టల వెనక. కుక్క మొరిగితే ఊపిరి ఆపేవాణ్ణి. బూట్ల చప్పుడు వినపడితే మోకాళ్లని చేతులతో పట్టుకునేవాణ్ణి, వాటి చప్పుడు బయటికి వినిపిస్తుందేమోనని. అన్నం దిగేది కాదు. "ఇలా చావడం కంటే వెళ్లి లొంగిపోరాదూ" అనేది పిన్ని. పన్నెండో రోజు తలుపు మీద లాఠీ పడింది. బుట్ట తీశారు. విచిత్రం ఏమిటంటే, పోలీసు చెయ్యి నా మెడ మీద పడ్డాక మోకాళ్లు ఆగిపోయాయి. ధైర్యం వచ్చిందనుకోకండి. ఎదురుచూడ్డం అయిపోయింది, అంతే.

చెరుకు తోటకి తోలతారనుకున్నాను. తోలలేదు. మా గుంపు ముప్పైమందినీ ఊళ్లోనే ఉంచారు. పొద్దున్నే గునపాలిచ్చి సుంకం కచేరీ ముందుకి నడిపించారు. ట్రాము పట్టాలు పీకాలి. ఇనుముకి మంచి ధర పలుకుతోందట, ఓడ వస్తుందట.

అలా ఆ లైనుని నా చేతులతోనే తీశాను. రోజుకి ఇరవై పట్టాలు. మేస్త్రీ బెత్తం వీపు మీద ఆడేది. ఇద్దరు జ్వరాలతో పోయారు, నేను దగ్గినప్పుడల్లా అరచేతిలో రక్తం ఉందేమోనని చూసుకునేవాణ్ణి. గుట్ట దగ్గరికి వచ్చేసరికి నాలుగో నెల ఆఖరు. అక్కడ పట్టాల సందుల్లో ఇంకా ఎండిన మిడత రెక్కలున్నాయి. పైకి చూస్తే కళ్లు తిరిగేవి. ఆ ఎక్కుడు కళ్ల పడకుండా నా పక్కవాణ్ణి నాకు పై వైపు అడ్డంగా నిలబడమనేవాణ్ణి. ఎందుకురా అంటే చెప్పేవాణ్ణి కాదు.

అయిదో నెలలో ఆస్పత్రి ముందుకి చేరాం. అక్కడ పట్టాలు గుండ్రంగా తిరిగే చోట, ఆడవాళ్లు పిల్లలకి మశూచి టీకా వేయించడానికి వరసగా కూర్చున్నారు. వాళ్లలో రెజినా ఉంది. వీపుకి కట్టుకున్న పిల్ల మెడ నిలిపి నా వైపు చూస్తోంది. రెజినా నన్ను గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది, ఆ రోజు ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. ఇప్పుడు నేను గుండు కొట్టించుకుని, గోనె సంచి తొడుక్కుని ఉన్నాను.

"ఏం తవ్వుతున్నారు అన్నా?" అంది.

"ట్రాము పట్టాలు తీసేస్తున్నాం చెల్లీ."

"తీసేస్తున్నారా?" ఆమె పట్టాల వంక చూసింది. బిడ్డని వీపు మీద ఇంకాస్త పైకి సర్దుకుంది. "మంచిది. మొత్తం తీసేయండి, ముక్క కూడా ఉంచకండి. ఇనుము కరకరమంటే చాలు, నాకు ఇప్పటికీ గుండె ఆగిపోతుంది."

"పిల్ల పేరేంటి?" అని అడిగాను.

"ఫెలిజార్దా. అత్త పేరే. ఇంకో పేరు పెడితే ఊరుకుంటుందా ఆవిడ?"

నవ్వొచ్చింది నాకు. నెలల తర్వాత మొదటిసారి. మేస్త్రీ చూశాడు. బెత్తం లేచింది. గునపం పట్టా కిందికి దూర్చి, పక్కవాడితో కలిసి ఊపిరి బిగించి ఎత్తాను.